కూడిక గుర్తు వెనుక మనిషి: క్యాన్సర్ గణాంకాలకు గూఢలిపి ఎందుకు అవసరమైంది

6, 6, 6, 6+, 7, 9+, 10, 10+, 11+, 13, 16, 17+, 19+, 20+, 22, 23, 25+, 32+, 32+, 34+, 35+.

వైద్య గణాంకశాస్త్రం చదువుకున్నవారిలో ఈ వరుసను చూడనివారు అరుదు. 1963లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మందు వాడిన 21 మంది చిన్న వయసు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల లెక్క ఇది. ఒక్కో అంకె ఒక్కో రోగిది. 7 అంటే, ఏడో వారంలో జబ్బు తిరగబెట్టిందని అర్థం. 9+ అంటే, తొమ్మిదో వారం దాకా తిరగబెట్టలేదని మాత్రమే తెలుసు, ఆ తర్వాత సంగతి లెక్కకు అందలేదని అర్థం. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న మరో 21 మందిలో ఒక్కరికీ ఈ కూడిక గుర్తు లేదు. 23వ వారం వచ్చేసరికి వారందరికీ జబ్బు తిరగబెట్టింది.

ల్యుకేమియాలో ఇలాంటి లెక్క అవసరపడటానికి ముందు ఒక కథ ఉంది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్ అనే మందును 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో గుణం కనిపించిందని ప్రకటించాడు. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడి కణ విభజనను ఆపే ఆ మందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. అయితే ఫార్బర్ తన వ్యాసం శీర్షికలోనే ఆ ఉపశమనాలు తాత్కాలికమని నిజాయితీగా రాశాడు. మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న, ఎంతకాలం పనిచేస్తుందన్న ప్రశ్నగా మారింది అక్కడే. కాలాన్ని కొలవాలంటే, కొలత పూర్తికాకముందే లెక్కలోంచి తప్పుకున్నవారిని ఏం చేయాలో తేల్చుకోక తప్పదు.

పై వరుసలో 9 మందికి జబ్బు తిరగబెట్టింది, 12 మందికి కూడిక గుర్తు ఉంది. ఆ 12 మందికీ నయమైపోయిందనుకుంటే 57 శాతం మంది బాగున్నట్టు తేలుతుంది. వారిని అసలు లెక్కలోకే తీసుకోకపోతే మందు ఒక్కరికీ పనిచేయలేదని తేలుతుంది. రెండూ తప్పే. ఈ చిక్కు విప్పే పద్ధతిని ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మెయర్ 1958లో ప్రకటించారు. కాప్లాన్‌కు ఈ ఆలోచన బెల్ ప్రయోగశాలలో, సముద్రగర్భపు టెలిఫోన్ తీగల్లో వాడే వాక్యూమ్ ట్యూబులు ఎంతకాలం మన్నుతాయో లెక్కకట్టేటప్పుడు వచ్చింది. మెయర్ వైద్య గణాంకాల వైపు నుంచి అక్కడికే చేరాడు. విడివిడిగా వ్యాసాలు పంపిన ఇద్దరినీ పత్రిక సంపాదకుడు కలిపి రాయమన్నాడు.

పద్ధతి ఎంత తేలికైనదో చేత్తో వేసి చూస్తే తెలుస్తుంది. ఆరో వారం నాటికి లెక్కలో ఉన్నవారు 21 మంది, ముగ్గురికి తిరగబెట్టింది, కాబట్టి 21లో 18, అంటే 85.7 శాతం. అదే వారంలో ఒకరు కూడిక గుర్తుతో తప్పుకున్నారు, కనుక ఏడో వారం నాటికి మిగిలింది 17 మంది, ఒకరికి తిరగబెట్టింది, 85.7ను 17లో 16 వంతులతో గుణిస్తే 80.7 శాతం. పదో వారానికి 15 మంది మిగిలితే ఒకరికి తిరగబెట్టింది, ఫలితం 75.3 శాతం. ఇలా 23వ వారానికి 44.8 శాతం వస్తుంది. తప్పుకున్న రోగి తాను లెక్కలో ఉన్నంతకాలం భాగహారంలో కింద నిలబడి సాక్ష్యమిచ్చి, ఆ తర్వాత నిశ్శబ్దంగా పక్కకు జరుగుతాడు. గీసి చూస్తే మెట్లు మెట్లుగా దిగే రేఖ ఏర్పడుతుంది. ఏ క్యాన్సర్ మందు గురించిన వ్యాసం తెరిచినా నేటికీ కనిపించేది ఈ మెట్ల రేఖే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ రేఖ గీయడానికి రోగి పేరు అక్కరలేదు, ఊరు అక్కరలేదు, పూర్తి రికార్డు కూడా అక్కరలేదు. ఒక్కో వారానికి రెండే అంకెలు కావాలి: ఎంతమంది లెక్కలో మిగిలారు, ఎంతమందికి తిరగబెట్టింది. పలు ఆసుపత్రుల రోగులను కలిపి చూడాలంటే ఆ రెండు అంకెల మొత్తాలు చాలు. 1963 నాటి ఆ ప్రయోగం కూడా 11 అమెరికన్ ఆసుపత్రుల రోగులను కలిపి చేసిందే. క్యాన్సర్ పరిశోధనకూ గూఢలిపి శాస్త్రానికీ పొత్తు కుదిరింది సరిగ్గా ఈ కూడిక దగ్గరే.

అప్పట్లో 42 మందితో తేలిన విషయం ఇప్పుడు తేలకపోవడానికి కారణం కణ జీవశాస్త్రంలో వచ్చిన ప్రగతి. ఒకప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటే ఒకే జబ్బు. కణంలోని జన్యువులను చదవడం మొదలయ్యాక అది పదుల కొద్దీ జబ్బులుగా చీలింది. ఎన్‌టీఆర్‌కే అనే జన్యువునే తీసుకుంటే, క్రోమోజోము తెగి తప్పుగా అతుక్కున్నప్పుడు ఆ జన్యువు ముక్క మరో జన్యువుతో కలిసిపోతుంది. బయటి నుంచి సంకేతం వచ్చినప్పుడే మేలుకోవలసిన ప్రొటీను, ఆ అతుకు వల్ల ఎప్పుడూ మేలుకొనే ఉండి, విభజించు విభజించు అని కణాన్ని తొందరపెడుతూ ఉంటుంది. ఊపిరితిత్తులు, పెద్దపేగు వంటి చోట్ల వచ్చే సాధారణ క్యాన్సర్లలో ఈ లోపం నూటికి ఒక్కరిలో కూడా కనిపించదు. దీనికి పనిచేసే లారోట్రెక్టినిబ్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది 55 మంది రోగుల ఫలితాల మీద. వారిలో నాలుగు నెలల పసిబిడ్డ నుంచి 76 ఏళ్ల వృద్ధుల వరకు ఉన్నారు. వారి కణితులు 17 రకాలవి. అంత అరుదైన లోపం ఉన్నవారు ఏ ఒక్క ఆసుపత్రిలోనూ తగినంతమంది దొరకరు. జబ్బును ఎంత లోతుగా చదివితే రోగుల గుంపు అంత చిన్నదవుతుంది. గుంపు చిన్నదైనకొద్దీ నలుమూలల రికార్డులు కలపక తప్పదు.

కలపడానికి అడ్డేమిటి, పేర్లు తీసేసి పంపుకుంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదని 1997లోనే రుజువైంది. మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు, చిరునామాలు తొలగించి పరిశోధకులకు ఇచ్చారు. అప్పటికి విద్యార్థినిగా ఉన్న లతాన్యా స్వీనీ, కేంబ్రిడ్జి నగర ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్ వంటి తపాలా సంఖ్య అనే మూడింటితో రెండు జాబితాలనూ పోల్చింది. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టినతేదీయే ఉన్నవారు ఆ నగరంలో ఆరుగురు. అందులో మగవారు ముగ్గురు. ఆయన తపాలా సంఖ్య ఉన్నది ఒక్కరికే. గవర్నరుగారి రికార్డు దొరికిపోయింది. మన ఊళ్లకు అన్వయించుకుంటే విషయం ఇంకా సూటిగా తెలుస్తుంది. ఫలానా మండలం, పద్నాలుగేళ్ల పిల్లవాడు, ఎముక క్యాన్సర్ అని మూడు మాటలు రాస్తే చాలు, ఆ చుట్టుపక్కల ఎవరికైనా ఆ ఇల్లు గుర్తొస్తుంది.

జన్యువుల దగ్గరికి వస్తే పేరు తీసేయడం అన్న మాటకే అర్థం తగ్గిపోతుంది. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్న హీలా కణాలు 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మరణించిన హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ కణితి నుంచి, ఆమె అనుమతి లేకుండా తీసినవి. ఆమె పేరులోని మొదటి అక్షరాలతోనే కణాలకు పేరు పెట్టారు. అసలు పేరు మరుగున ఉంచడానికి హెలెన్ లేన్ అన్న కల్పిత నామం కొన్నేళ్లు చలామణీ అయింది. ఆ ముసుగు తొలగిపోయిన చాలా ఏళ్లకు, 2013 మార్చిలో, జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఆ కణాల జన్యుక్రమం మొత్తాన్ని అందరికీ అందుబాటులో పెట్టారు. అందులో చాలా భాగం ఆమె పిల్లలకూ మనుమలకూ సంక్రమించిందే. కుటుంబం అభ్యంతరం చెప్పాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, దరఖాస్తు చేసుకున్నవారికే సమాచారం ఇచ్చేలా, ఆ నిర్ణయాల్లో కుటుంబ సభ్యులకూ చోటు ఉండేలా ఒప్పందం కుదుర్చుకుంది. ఆరు దశాబ్దాల తర్వాతైనా జరిగిన ఆ పని సరైనదే. అయితే ఒక మనిషి కణం ఆ మనిషి మరణించాక కూడా బతికున్నవారి గుట్టు చెప్పగలదని దానితో అందరికీ తెలిసింది.

మొత్తాలు మాత్రమే బయటపెడితే క్షేమమన్న నమ్మకం అంతకుముందే, 2008లో సడలింది. ఒక జబ్బు ఉన్నవారి గుంపులో ఏ జన్యు అక్షరం ఎంత శాతం మందిలో ఉందో చెప్పే పట్టికలను అప్పటిదాకా నిస్సంకోచంగా ప్రకటించేవారు. ఒక వ్యక్తి జన్యు వివరాలు చేతిలో ఉంటే, వేల స్థానాల్లో ఆ శాతాలు అతని వైపు ఒక్క వెంట్రుకవాసి మొగ్గినా, ఆ మొగ్గులన్నీ కలిపి చూసి అతను ఆ గుంపులో ఉన్నాడో లేడో చెప్పవచ్చని అరిజోనాలోని పరిశోధకులు చూపించారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఆ పట్టికలను వెంటనే ఉపసంహరించింది. పదేళ్ల తర్వాత గానీ వాటిలో చాలావాటిని మళ్లీ అందరికీ తెరవలేదు.

గూఢలిపి శాస్త్రం అంటే రహస్యంగా ఉత్తరాలు పంపుకోవడమనే అభిప్రాయం సాధారణంగా ఉంటుంది. గత నాలుగైదు దశాబ్దాల్లో ఆ శాస్త్రం వేసుకున్న ప్రశ్న వేరు: దాచిన అంకెలను దాచినట్టే ఉంచి లెక్క చేయవచ్చా? 1979లో ఆడీ షమీర్, జార్జ్ బ్లేక్లీ విడివిడిగా ఒక రహస్యాన్ని ముక్కలుగా పంచే పద్ధతి చెప్పారు. 1982లో ఆండ్రూ యావ్, ఎవరి రహస్యం వారి దగ్గరే ఉంచుకుని ఇద్దరు కలిసి ఒక ఫలితాన్ని తేల్చుకోవచ్చని చూపాడు.

మూడు ఆసుపత్రుల్లో ఒకే రకం రోగులు 9 మంది, 5 మంది, 7 మంది లెక్కలో ఉన్నారనుకుందాం. ఎవరి అంకె వారు బయటపెట్టకుండా మొత్తం కావాలి. వెయ్యి దాటినప్పుడల్లా వెయ్యి తీసేసే లెక్క ఒకటి పెట్టుకోవాలి. మొదటి ఆసుపత్రి తన 9ని 412, 735, 862 అని మూడు ముక్కలు చేస్తుంది. మొదటి రెండూ నోటికొచ్చిన అంకెలే, మూడోది మాత్రం మొత్తం 2009 అయ్యేలా చూసుకున్నది, వేలు తీసేస్తే 9. రెండోది తన 5ను 208, 91, 706గా, మూడోది తన 7ను 650, 983, 374గా విడగొడతాయి. వేర్వేరు సంస్థల ఆధీనంలోని మూడు కంప్యూటర్లకు ఒక్కో ఆసుపత్రి ఒక్కో ముక్క పంపుతుంది. మొదటి కంప్యూటరు తనకు వచ్చిన 412, 208, 650 కూడి 270 అంటుంది; రెండోది 809 అంటుంది; మూడోది 942 అంటుంది. ఈ మూడూ కూడితే 2021, వేలు తీసేస్తే 21. ఏ కంప్యూటరుకూ 9 గానీ 5 గానీ 7 గానీ కనపడలేదు. రెండు కంప్యూటర్లు కుమ్మక్కైనా, మూడో ముక్క లేనిదే మిగిలిన రెండు ముక్కలూ అర్థం లేని అంకెలే. తాళం పగలగొట్టడానికి ఎంతకాలం పడుతుందన్న బెంగ కూడా ఇక్కడ లేదు, ఎందుకంటే ఆ ముక్కల్లో సమాచారమే లేదు.

రెండో దారి, గూఢలిపిలోకి మార్చి తాళం వేసిన అంకెల మీదే, తాళం తీయకుండా నేరుగా లెక్క చేయడం. అది సాధ్యమా అన్న ప్రశ్న 1978లోనే పుట్టింది. కూడికకు మాత్రమే పనికొచ్చే పద్ధతులు 1999 నాటికి చేతికొచ్చాయి. కూడిక, గుణకారం రెండూ ఎన్నిసార్లైనా చేయగల మొదటి పద్ధతిని 2009లో క్రెయిగ్ జెంట్రీ చూపాడు. 2021లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్ పరిశోధకుల బృందం ఈ రెండు దారులనూ కలిపి, ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్లించే చికిత్స) పొందిన క్యాన్సర్ రోగుల మీద అంతకుముందే ప్రచురితమైన ఒక అధ్యయనాన్ని మళ్లీ చేసింది. కణితిలో ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో వచ్చిన మార్పులు, ఎక్కువ ఉన్నవారు, తక్కువ ఉన్నవారు ఎంతకాలం బతికారో పోల్చే కాప్లాన్-మెయర్ రేఖలు అవి. రికార్డులు వేర్వేరు చోట్ల ఉన్నట్టు విడగొట్టి, ఎవరి రికార్డు ఎవరికీ కనబడకుండా గీసినా, అన్నీ ఒకచోట పోసి గీసిన రేఖలతో సరిపోయే ఫలితమే వచ్చింది.

అయినా ఇంతటితో పని అయిపోయిందనుకోకూడదు. పై ఉదాహరణలో మొదటి రెండు ఆసుపత్రులూ చేతులు కలిపితే 21లోంచి తమ 14 తీసేసుకుని మూడోదాని 7ను తెలుసుకుంటాయి. లెక్కలో ఏ లోపమూ లేదు, జవాబే గుట్టు విప్పింది. మెట్ల రేఖ విషయంలో ఈ ప్రమాదం పెద్దది. రేఖ తోక దగ్గర, 32వ వారం నాటికి, 1963 నాటి వరుసలో మిగిలింది నలుగురే. అక్కడ ఒక మెట్టు దిగిందంటే అది ఫలానా ఒక్కరి కథే. పత్రికల్లో అచ్చయిన రేఖ బొమ్మను, దాని కింద ఉండే మిగిలినవారి సంఖ్యలను ఆధారం చేసుకుని, రోగుల వారీ కాలాలను దాదాపుగా తిరిగి రాబట్టే పద్ధతి 2012 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. గణాంకవేత్తలు దాన్ని మంచి పనికే, పాత ప్రయోగాలను కలిపి చూడటానికే వాడుతున్నారు. కానీ తలుపు తలుపే.

దీనికి 2006లో సింథియా డ్వర్క్, ఆమె సహచరులు ఒక పరిష్కారం చెప్పారు. జవాబు చెప్పేముందు దానికి కావాలనే కొలిచి కొంత దోషం కలపాలి. ఒక్క మనిషి ఆ గుంపులో ఉన్నా లేకున్నా జవాబు దాదాపు ఒకేలా కనిపించేంత దోషం. పదివేల మంది లెక్కలో ఒకటి రెండు అటూ ఇటూ అయితే ఎవరికీ నష్టం లేదు. ఆరుగురు మిగిలిన చోట అదే ఒకటి రెండు తేడా వస్తే రేఖ రూపమే మారిపోతుంది. ఏ సమాచారం నుంచైనా ఎంత కచ్చితమైన అంచనా రాబట్టగలమో దానికి ఒక హద్దుంటుందని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో కలకత్తా నుంచి నిరూపించారు. గుట్టు కాపాడటానికి కలిపే దోషం, చేతిలో ఉన్న సమాచారాన్నే తగ్గించి, ఆ హద్దును ఇంకా వెనక్కి నెడుతుంది. అరుదైన క్యాన్సర్ రోగికి ఎదురయ్యే కష్టం ఇదే: ఆమె గుట్టుకు ఎక్కువ రక్షణ కావాలి, ఆమె జబ్బు గురించి తెలియాలంటే కచ్చితత్వం కూడా ఎక్కువే కావాలి. రెంటి మధ్య ఎక్కడ గీత గీయాలో గణితం చెప్పదు. ఆ గీత గీసేవారిలో రోగులూ ఉండాలని హీలా ఒప్పందం చూపింది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, నిర్దేశిత ప్రమాణాలు పాటించే పరిశోధనకూ గణాంక అవసరాలకూ మినహాయింపు ఇచ్చింది. అందువల్ల రోగికి దక్కే రక్షణ చాలావరకు ఆ ప్రమాణాలు ఎంత గట్టిగా ఉంటాయన్నదాని మీదే ఆధారపడుతుంది.

ఇక చివరగా, మన పరిస్థితుల్లో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే సమస్య మళ్లీ ఆ కూడిక గుర్తు దగ్గరే ఉంది. కాప్లాన్-మెయర్ లెక్క నిజమవ్వాలంటే ఒక షరతు ఉంది: లెక్కలోంచి తప్పుకున్నవారి పరిస్థితి, లెక్కలో మిగిలినవారి పరిస్థితి కంటే భిన్నంగా ఉండకూడదు. ప్రయోగం ముగిసినందువల్ల కూడిక గుర్తు పడితే ఈ షరతుకు భంగం లేదు. జిల్లా నుంచి హైదరాబాదుకో విశాఖకో వచ్చి మూడు విడతలు కీమోథెరపీ తీసుకుని, నాలుగో విడతకు రాని మనిషి సంగతి వేరు. బాగుపడి రాకపోయి ఉండవచ్చు. చేతిలో డబ్బు అయిపోయి ఉండవచ్చు. ఇంటి దగ్గరే కన్నుమూసి ఉండవచ్చు. ఆసుపత్రి రికార్డులో మాత్రం మూడింటికీ ఒకటే గుర్తు. చనిపోయినవారు ఇలా కూడిక గుర్తులుగా మిగిలిపోతే, రేఖ దిగవలసిన చోట దిగకుండా, ఉన్నదానికంటే మంచి చిత్రం చూపిస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి 1981లో మొదలుపెట్టిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం సిబ్బంది, ఆసుపత్రులకూ ల్యాబులకూ స్వయంగా వెళ్లి, మరణాల నమోదు రికార్డులు కూడా తిరగేసి లెక్కలు సేకరిస్తారు. హైదరాబాదులోనూ అలాంటి రిజిస్ట్రీ ఉంది. ఆసుపత్రి జాబితానూ మరణాల జాబితానూ గుట్టుగా పోల్చగలిగితే చాలా కూడిక గుర్తులు తేలిపోతాయి. రెండు జాబితాల్లోనూ ఉన్నవారిని మాత్రమే బయటపెట్టి, మిగతావారిని దాచి ఉంచే పద్ధతులు గూఢలిపి శాస్త్రంలో ఉన్నాయి. అయితే అవి పేర్లు అక్షరం పొల్లు పోకుండా సరిపోతాయన్న నమ్మకం మీద నడుస్తాయి. పేరును హ్యాష్ అనే ముద్రగా మార్చినప్పుడు ఒక్క అక్షరం తేడా వచ్చినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. ఆసుపత్రిలో ఇంగ్లీషు అక్షరాల్లో లక్ష్మి పేరును కె, ఎస్, హెచ్‌లతో రాసి, మరణ ధ్రువపత్రంలో ఎక్స్‌తో రాస్తే, ఆ రెండు ముద్రలకూ పోలికే ఉండదు. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనుక, ఇంకోచోట పొడి అక్షరంగా. ఒకచోట సూర్యకాంతం, మరోచోట సూర్యకాంతమ్మ. వయసు ఒకచోట 55, మరోచోట 60 అని ఉజ్జాయింపుగా.

పేరును రెండేసి అక్షరాల తునకలుగా చేసి, తునకల వారీగా ముద్రలు వేసి, ఎన్ని తునకలు కలిశాయో చూసే ఉపాయం ఒకటి 2009లో జర్మనీ నుంచి వచ్చింది. చిన్న తేడాలను అది తట్టుకుంటుంది. కానీ ఏ పేర్లు ఎక్కువ వాడుకలో ఉన్నాయో తెలిసినవారు, తరచుగా కనిపించే ముద్రలను తరచుగా వినిపించే పేర్లతో జోడించి, ఆ ముసుగును కొంతమేరకు విప్పవచ్చని రెండేళ్లు తిరక్కుండానే తేలింది. వెంకటేశ్వర్లు, లక్ష్మి వంటి పేర్లు వీధికి నాలుగు వినిపించే చోట ఈ దాడి మరింత సులువు. తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎన్ని రకాలుగా మారతాయో, ఇంటిపేర్లు ఎలా కుదించుకుపోతాయో తెలిసినవారు ముందుగా పేర్లను ఒక దారికి తెచ్చి, ఆ తర్వాత గట్టి పద్ధతితో ముద్ర వేస్తే రెండు జాబితాలూ కలుస్తాయి. అది జరగనంతకాలం, రెండు రకాల స్పెల్లింగుల మధ్య తప్పిపోయిన ఆ లక్ష్మి అంకె పక్కన కూడిక గుర్తే ఉంటుంది. రేఖలో అక్కడ ఉండవలసింది ఒక మెట్టు.